బార్లీ లేని చలికాలం

"అలా కాదు నాయనా, అలా కాదు. గుప్పిట నిండా పట్టుకుని విసరడం కాదు. వేళ్ళ సందుల్లోంచి జారాలి."

"జారుతూనే ఉన్నాయి కదా మామయ్యా."

"ఎక్కడ? ఒకచోట కుప్ప, ఒకచోట బోడి. అచ్చం నీ తలలా ఉంది మడి."

సెలవురోజు మధ్యాహ్నం. ఇంటి వెనక కూరగాయల పెరట్లో కాపు అయిపోయిన టమాటా, చిక్కుడు మొక్కలన్నీ పీకి గోడవారన పోగేసి ఉన్నాయి. దర్జీపని మానేసి ఇంటిపట్టున ఉంటున్న మామ గోనెసంచి మీద మోకాళ్ళు ఆనించి మట్టి చదును చేస్తున్నాడు. లిఫ్టులు బాగుచేసే అల్లుడు విత్తనాల గిన్నె చంకన పెట్టుకుని, పొద్దుటి నుంచి గొంతు దాటని మాటతో అతని వెనకే నడుస్తున్నాడు.

"మామయ్యా, మీతో ఒక మాట చెప్పాలి."

"చెబుదువుగాని. ముందు ఆ ఆవాల్లో పొడిమట్టి కలిపావా?"

"కలిపాను."

"ఎంత?"

"మీరు చెప్పినంత."

"నేనెంత చెప్పాను?"

"గింజల కంటే మట్టే ఎక్కువ ఉండాలన్నారు."

"ఊఁ. కలపకపోతే చిన్నగింజ, చేతికి తెలీకుండా గుత్తులుగా పడిపోతుంది. తర్వాత ఒకదాన్నొకటి తోసుకుంటూ అన్నీ పీలగా లేస్తాయి. ఏంటి, ఏదో చెప్పాలన్నావు?"

"అదే... నిన్న నేను..."

"ఆగు, ఆ మూల వదిలేశావు. గోడ పక్కన. నీడ పడుతుందని దాన్ని పస్తు పెడతావా? అక్కడా చల్లు."

"చల్లుతాను."

"అమ్మాయి ఉంటే ఈపాటికి మళ్ళన్నీ అయిపోయేవి."

"తనుంటే అసలు నా చేతికి గిన్నె ఇచ్చేదే కాదు."

"అదీ నిజమే. నీ ఫోను మోగుతోంది చూడు."

"తెలుసు."

"తెలిస్తే ఎత్తు."

"ఆఫీసువాళ్ళు. తర్వాత చేస్తాను."

"ఆఫీసువాళ్ళంటే ఎవరో లిఫ్టులో ఇరుక్కుని ఉంటారు. ఎత్తు, పాపం."

"ఇవాళ నా డ్యూటీ కాదు మామయ్యా."

"ఇరుక్కున్నవాడికి నీ డ్యూటీతో ఏం పని? అవును, ఎవరైనా ఇరుక్కుని ఫోన్ చేస్తే నువ్వు ముందు ఏం చెప్తావు?"

"ఏముంది. కంగారు పడకండి, తలుపు బలవంతంగా తియ్యకండి, వచ్చేస్తున్నాం అని చెప్తాను."

"వచ్చేస్తున్నాం అని ఎంతసేపటికి వెళ్తావు?"

"ట్రాఫిక్‌ని బట్టి."

"లోపలున్నవాడు నమ్ముతాడా?"

"నమ్మక ఏం చేస్తాడు? నిలబడతాడు."

"అవున్లే. నిలబడతాడు. ఆగిపోయింది ఫోను."

"మళ్ళీ చేస్తుంది... చేస్తారు."

"ఏంటీ?"

"ఏం లేదు. ఇంత కష్టం ఎందుకు మామయ్యా? ఎలాగూ చలికాలమంతా ఏమీ కాయదు. మళ్ళు ఖాళీగా వదిలేస్తే ఏం పోయింది?"

"అదే మాట నేను మా అమ్మాయిని అడిగితే ఏమందో తెలుసా? నాన్నా, లైనింగు లేకుండా కోటు కుడతావా అంది. నేల కూడా అంతే. ఒంటిమీద ఏమీ లేకుండా వదిలేస్తే వానకి పైమట్టి కొట్టుకుపోతుంది, మిగిలింది గట్టిపడిపోతుంది. ఖాళీ ఉంది కదా అని కలుపు వచ్చి కాపురం పెడుతుంది. ఇవి నాలుగు మొలిచి కప్పుకుంటే కింద వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. తర్వాత అవే కుళ్ళి ఎరువవుతాయి. తినడానికి కాదు ఇవి, నేలకోసం. పచ్చిరొట్ట అనేది. నాకేం తెలుసు, గుడ్డ కత్తిరించుకుని బతికినవాణ్ణి."

"నాకూ చెప్పేది. నేను సగం వినేవాణ్ణి కాదు."

"ఇప్పుడు విను. ఆ బఠాణీలు ఇలా ఇవ్వు. రాత్రి నానబెట్టావా?"

"నానబెట్టాను. బార్లీ సంచి ఏది? దాన్లోనే కదా బఠాణీ కలపాలి?"

"ఈ ఏడు బార్లీ లేదు."

"లేకపోవడమేంటి? తను ఏటా బార్లీయే వేసేది. దాన్ని పట్టుకునే బఠాణీ తీగ పాకుతుందనేది."

"దొరకలేదు."

"దొరక్కపోవడమేంటి మామయ్యా, మొన్న కొట్లో చూశాను, గుమ్మం ముందే బస్తా ఉంది."

"పాతది. మొలవదు."

"కొత్తదేనన్నాడు కొట్టువాడు."

"పాతదని వాడే చెప్పుకుంటాడా? ఓట్స్ ఉన్నాయిగా. బఠాణీ వాటిని పట్టుకుని పాకుతుంది. ఆవాలు, బఠాణీ, ఓట్స్. చాలు. ఈ ఏటికి చాలు."

"సరే. మోకాళ్ళ కింద ఇంకేదైనా వేసుకోండి, తడి దిగుతోంది. మీ మిషను మీద కప్పే దుప్పటి తేనా?"

"దుప్పటి... అది దాంతోపాటే వెళ్ళింది."

"ఇంకా రాలేదా మిషను? రిపేరుకిచ్చి చాలా రోజులైంది కదా."

"బెల్టు దొరకడం లేదట."

"రేపు పనికి వెళ్తూ నేను కనుక్కుంటాను."

"వద్దు. వద్దొద్దు. నువ్వు కనుక్కుంటే వాడు ఇంకా సాగదీస్తాడు. దాని సంగతి నేను చూసుకుంటాను. చల్లు, ఎండ పోతోంది."

"మామయ్యా, నేను చెప్పేది ఒకసారి..."

"చల్లుతూ చెప్పు."

"చల్లుతూ చెప్పేది కాదు."

"అయితే చల్లాక చెప్పు."

గోడ అవతలి నుంచి పక్కింటావిడ తల పైకి వచ్చింది. బట్టలు ఆరేసే పీట ఎక్కి నిలబడినట్టుంది.

"చల్లేస్తున్నారా అన్నయ్యగారూ? మంచిపని చేశారు. వెళ్ళేలోపు చేయించేసుకోండి."

"ఎవరు? ఎవరు వెళ్ళేలోపు? ఎవరు చెప్పారమ్మా నీకు?"

"అలా ఉలిక్కిపడతారేంటి? వెళ్ళేది మీ అల్లుడే. మా తమ్ముడూ ఇతనూ ఒకే కంపెనీ కదా, వాడు చెప్పాడు. పైఊళ్ళో ఆ పెద్ద ఆసుపత్రి వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇచ్చారట. అక్కడున్న లిఫ్టులన్నిటికీ ఇతనే ఇన్‌ఛార్జట. ఉండడానికి క్వార్టర్సు కూడానట. ఎంత అదృష్టం! ఎప్పుడు బాబూ ప్రయాణం?"

"పిన్నిగారూ, అదింకా..."

"మీకు చెప్పలేదా అన్నయ్యగారూ? అయ్యయ్యో. నేనే నోరు జారానా ఏంటి? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. వస్తానండీ."

గోడ మీద తల మాయమైంది. పీట ఈడ్చిన చప్పుడు వినిపించింది.

"మామయ్యా."

"గింజల మీద మట్టి కప్పాలి, ఆ దంతె ఇలా అందించండి అల్లుడుగారూ."

"ఈ అండీలూ గారూలూ ఏంటి ఇప్పుడు?"

"పెళ్ళినాడు అలాగే పిలిచాను."

"వారం తిరక్కుండానే 'నువ్వు'లోకి దిగిపోయారు."

"ఇంటి మనిషివి అనుకుని దిగాను. నీకెవరూ లేరు, ఇల్లరికం వచ్చావు, కొడుకు లాంటివాడివి అనుకుని దిగాను. వెళ్ళిపోయే చుట్టానికి మర్యాద ఇవ్వాలి కదా. దంతె అందించండి."

"నేను వెళ్తున్నానన్నానా?"

"ఆవిడ అంది."

"ఆవిడ అన్నది వింటారు, నేను చెప్పేది మాత్రం వినరు. పొద్దుటి నుంచి ఒక మాట చెప్పాలి, ఒక మాట చెప్పాలి అంటుంటే... పొడిమట్టి, గుప్పిట, కుప్ప, బోడి!"

"సరే, విడమర్చి చెప్పక్కర్లేదు. పిలిచారా లేదా ఆ ఉద్యోగానికి?"

"పిలిచారు. కానీ..."

"మీకు వెళ్ళాలని ఉందా లేదా?"

"అది కాదు మామయ్యా నేను చెప్పేది."

"ఉందా లేదా? ఒక్కముక్క."

"...ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచంటే ఏం చెప్పను. చాన్నాళ్ళుగానే."

"నాతో కష్టంగా ఉందన్నమాట."

"కష్టమని కాదు."

"మరి?"

"వద్దులెండి."

"చెప్పండి అల్లుడుగారూ. ఎలాగూ మొదలెట్టారు."

"ఊపిరాడదు మామయ్యా. కోపం తెచ్చుకున్నా సరే, అదే నిజం. సాయంత్రం పని అవగానే నా కాళ్ళు వాటంతటవే ఇటు తిరుగుతాయి. ఎవడైనా టీకి రమ్మంటే లేదురా, మా మామయ్య ఎదురుచూస్తుంటారు. రాత్రి డ్యూటీ వేస్తామంటే వద్దండీ, మా మామయ్యకి కళ్ళు తిరుగుతాయి. గుమ్మంలో అడుగుపెడతానో లేదో సూదీ దారం పట్టుకుని మీరు నిలబడి ఉంటారు. తర్వాత బల్ల దగ్గర మీరటు, నేనిటు, మధ్యలో తన కుర్చీ. తను పోయి రెండేళ్ళయింది. తన గురించి మీరూ ఎత్తరు, నేనూ ఎత్తను. వాన వస్తుందా రాదా అని మాట్లాడుకుంటాం. వంకాయకూర తిని లేస్తాం. మళ్ళీ పొద్దున్నే లేచి..."

"వంకాయకూరకేం వచ్చింది?"

"ఏంటి?"

"వంకాయకూర నీకిష్టం కదా?"

"నాకా? నాకు వంకాయ తింటే నోరంతా దురద. చిన్నప్పట్నుంచీ పడదు."

"పడకపోతే రోజూ వండుతావెందుకు?"

"మీకిష్టమని!"

"నాకిష్టమని నీతో ఎవరన్నారు?"

"రెండు మళ్ళ నిండా నాటారు కదా! ఇష్టం లేనివాడు రెండు మళ్ళు నాటుతాడా?"

"నీకోసం నాటాను! మెతుకు మిగల్చకుండా తింటున్నావు కదా అని. నేనైతే ముక్కలన్నీ పళ్ళెం అంచుకి తోసి, నువ్వు అటు తిరిగినప్పుడు..."

"అయితే మన ఇద్దర్లో ఎవరికి ఇష్టం వంకాయ?"

"అమ్మాయికి."

"...అవును. తనకి."

"గుత్తులు గుత్తులుగా కోసుకొచ్చేది."

"ఒళ్ళో వేసుకుని."

"కూర్చో కాసేపు. అలా నిలబడకు, మెడ నొప్పెడుతోంది నీ మొహంలోకి చూడాలంటే. ఇదిగో, ఈ గోనె మీద."

"మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చారు."

"కోపంగా ఉన్నప్పుడు ఆ మీరు అనడం ఎంత అలుపో తెలుసా? సూదీ దారం అన్నావు కదా. చెప్పనా దాని సంగతి?"

"దాని సంగతేముంది. చూపు ఆనక పిలిచేవారు."

"అటు చూడు. గోడ మీద చీమ పోతోంది. కనబడుతోందా నీకు?"

"లేదు."

"నాకు కనబడుతోంది. దాని నోట్లో ఏదో తెల్లగా ఉంది కూడాను."

"అంటే?"

"అంటే ఏముంది? నా జన్మలో సూదిలో దారం ఇంకొకరి చేత ఎక్కించుకోలేదు. అమ్మాయి పోయిన కొత్తలో నువ్వు ఏం చేశావో నీకు గుర్తుందా? ఆ లిఫ్టుల పైనుండే మోటారు గదిలో పడుకునేవాడివి. ఇంటికొచ్చేవాడివి కాదు. మీ కంపెనీవాళ్ళు ఇద్దరు పట్టుకొచ్చి ఈ గుమ్మంలో దింపారు. తిండి లేదు, గడ్డం, ఒళ్ళంతా గ్రీజు. ఏం చెప్తే వింటావు నువ్వు? నాయనా బెంగపెట్టుకోకు అంటే వింటావా? అందుకని సూది ఇచ్చి, కళ్ళు కనబడటం లేదు, కాస్త ఎక్కించమన్నాను. ఎక్కించావు. మర్నాడు కూడా వచ్చావు. పర్లేదు, ఈ ముసలాడికి ఎవరూ లేరనుకుంటే వీడు సాయంత్రానికి ఇల్లు చేరతాడు అని తెలిసింది నాకు."

"మరి కళ్ళు తిరగడం?"

"ఒకసారి నిజంగానే తిరిగాయి. ఒక్కసారి."

"మిగతావన్నీ?"

"నువ్వు రాత్రి డ్యూటీకి పోతానన్నప్పుడల్లా తిరిగేవి."

"మామయ్యా!"

"ఆ మోటారు గది రాత్రిపూట నీకు మంచిది కాదనిపించింది. తిట్టుకుంటే తిట్టుకో."

"అన్నాళ్ళూ నేను మిమ్మల్ని చూసుకుంటున్నాననుకున్నాను."

"నేను నిన్ను చూసుకుంటున్నాననుకున్నాను. ఇద్దరం కలిసి వంకాయ తిన్నాం."

"నవ్వొస్తోందా మీకు?"

"ఏడిస్తే బాగుంటుందా?"

"మరైతే ఇదేంటి? కళ్ళూ ఒళ్ళూ బాగానే ఉన్నాయి, నేనిక్కడ లేకపోయినా పర్లేదంటారు, మళ్ళీ చలికాలమంతటికీ పైరు చల్లిస్తున్నారు నాచేత. చలి పోయాక దీన్నెవరు కొయ్యాలి? పూత రాకముందే ఎవరు తవ్వి మట్టిలో కలపాలి? నేనే కదా? నిరుడు మీరొక్కరే చల్లిందాన్ని కోసి కోసి నా నడుం పడిపోయింది. ఒక్కో గింజ వేస్తుంటే ఇంకో ఏడు, ఇంకో ఏడు అని మేకు కొట్టినట్టే ఉంది నాకు."

"ఎవరూ కొయ్యక్కర్లేదు."

"కొయ్యకపోతే?"

"నిరుడు వేసింది బార్లీ. అది చలికి చావదు. చలి పోయాక ఇంకా మొండికేసి నడుం ఎత్తు లేస్తుంది. దాన్ని మనిషే కొయ్యాలి. ఈ మూడూ అలా కాదు. నేల గడ్డకట్టేంత మంచు పడిన రోజున చచ్చి వాటంతటవే వాలిపోతాయి. వాలి అక్కడే చాపలా పరుచుకుంటాయి. మట్టి కిందా వాటివే వేళ్ళు, మట్టి పైనా వాటివే ఆకులు. మళ్ళీ ఎవరైనా వచ్చి మొక్కలు నాటుకునేదాకా నేల భద్రంగా ఉంటుంది. మనిషితో పనిలేదు."

"అందుకా బార్లీ తేలేదు?"

"అందుకే."

"మనిషితో పనిలేకుండా ఉండాలని ఎందుకు?"

"మనిషి ఉండడు కాబట్టి."

"ఎవరు ఉండరు?"

"నేను."

"మీరెక్కడికి పోతారు?"

"అలా అరవకు, ఆవిడ మళ్ళీ పీట ఎక్కుతుంది. నా దగ్గర కాజాలు కుట్టిన బక్కోడు గుర్తున్నాడా?"

"నా పెళ్ళికోటు తనే కుట్టానని మా పెళ్ళిలో అందరికీ చెప్పుకుని తిరిగినాయన?"

"వాడే. గుండీలు తప్ప ఇంకేం కుట్టలేదు దానికి. వాడిప్పుడు వేరే ఊళ్ళో నాటకాలవాళ్ళకి దుస్తులు కుట్టే షాపు పెట్టాడు. రాజుల అంగీలు, సైనికుల కోట్లు, దెయ్యాల గౌన్లు. కుట్టేవాళ్ళున్నారు గాని కత్తిరించే చెయ్యి లేదట. రా మాస్టారూ, రా మాస్టారూ అని ఏడాది నుంచీ ప్రాణం తీస్తున్నాడు. షాపు మీద గది ఉంది. నాకు వెళ్ళాలని ఎంత ఉందో నీకు చెప్పలేను. ఈ ఇంట్లో గోడలు చూసి చూసి, నీ బనీన్లకి మాసికలు వేసి వేసి నా చేతులు చచ్చుపడిపోయాయి నాయనా. ఊపిరాడదన్నావు చూడు? ఆ మాట నేనెప్పుడో అనాల్సింది."

"మరి ఏడాదిగా ఎందుకు వెళ్ళలేదు?"

"నిన్ను ఎవరికి వదిలిపెట్టి పోను? ఈమధ్యే కాస్త ధైర్యం వచ్చింది. పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నావు. స్నానాలగదిలో కూనిరాగం తీస్తున్నావు, శ్రుతి లేదుగాని రాగమే. హమ్మయ్య, వీడు నిలదొక్కుకున్నాడు, ఇంక నేను పోవచ్చు అనుకున్నాను. బక్కోడికి మాట ఇచ్చేశాను."

"అయితే మిషను రిపేరుకివ్వడం..."

"రిపేరూ లేదు, బెల్టూ లేదు. వాడే మనిషిని పంపి పట్టుకుపోయాడు. నువ్వు పనికి వెళ్ళినప్పుడు. ఎల్లుండి వ్యాను పంపిస్తాడు, నాకూ నా పెట్టెకీ."

"ఎల్లుండా?"

"ఇవాళ చల్లడం అయ్యాక చెబుదామనే అనుకున్నాను. నిజం. నువ్వు ఒక మాట, ఒక మాట అంటుంటే భయమేసింది, నాకంటే ముందు నువ్వేదో చెప్పేసి, నా నోరు కట్టేస్తావని. ఇంత చేసి ఆవిడ వచ్చి వెళ్ళేలోపు అంటే నా సంగతే తెలిసిపోయిందనుకున్నాను."

"ఉండిపోదురూ మామయ్యా."

"అదేంటి? ఇప్పుడే ఊపిరాడదన్నవాడివి!"

"కొన్నాళ్ళు. వాళ్ళకి చెప్పండి, తర్వాత వస్తానని."

"కుదరదు. నన్ను చూసుకుని వాడు పెద్ద పని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు నేను చెయ్యెత్తేస్తే వాడు రోడ్డున పడతాడు. అయినా ఎందుకుండాలి? నీకు ఉద్యోగం వచ్చింది, నాకు పని వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఎండిపోకుండా ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. ఇంతకంటే ఏం కావాలి? అదిగో, మళ్ళీ మోగుతోంది. ఆఫీసువాళ్ళు కాదు కదా?"

"కాదు."

"కూనిరాగం తాలూకేనా? తలొంచుకుంటావేంటి, నేనేం పోలీసునా? ఎవరావిడ?"

"ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. ఇక్కడే ఉండేది, ఈమధ్యే నన్ను పిలిచిన ఆ పెద్దాసుపత్రికే మారింది. ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పింది కూడా తనే."

"ఎలా పరిచయం?"

"ఒకసారి లిఫ్టులో ఇరుక్కుంది."

"బయటికి తీశావా?"

"తీశాను."

"మంచిపని చేశావు."

"మీకు... బాధగా లేదా మామయ్యా?"

"ఉంది. మా అమ్మాయి మొగుడివి నువ్వు, ఎందుకుండదు? ఉండనీ. నా బాధేదో నేను పడతాను, నాటకాలవాళ్ళ అంగీలు కత్తిరించుకుంటూ పడతాను. నువ్వు నా కళ్ళెదుట వడిలిపోతుంటే చూడటం కంటే అది చాలా నయం. ఆ ఆసుపత్రి ఉన్న ఊళ్ళో చలి ఎక్కువంటారు. నీ కోటుకి లోపల గుడ్డ చిరిగింది, అది ఇవాళే మార్చేస్తాను. చేత్తో కుడతాను, మిషను లేకపోతేనేం. మీ ఇద్దరూ ఒక సెలవురోజు చూసుకుని షాపుకి రండి. కొలత తీసుకోకుండా, ఒక్కసారి చూస్తే చాలు, ఆవిడకి సరిపడా రవిక కుట్టేస్తాను. సైనికుల కోటు కావాలన్నా కుడతాను. ఇంటి తాళం ఆ గోడావిడకి ఇద్దాం, తనకి ఎలాగూ అన్నీ తెలియాలి. ఎప్పుడు చేరమన్నారు నిన్ను?"

"మామయ్యా..."

"నేను ఎల్లుండి పోతాను, నువ్వు ఆ మర్నాడు బయల్దేరు. ఈ రెండు రోజులూ వంకాయ లేకుండా తిందాం. మొహం అలా పెట్టావేంటి? ఇంక నిన్ను పట్టుకుని ఉన్నదెవరు? పొద్దుటి నుంచి చెప్పాలి చెప్పాలి అన్నావు, ఇప్పుడు ధైర్యంగా చెప్పు నాతో, వెళ్తున్నాను మామయ్యా అని."

"చెప్పాలనుకున్నది అది కాదు మామయ్యా. రానని నిన్ననే చెప్పేశాను వాళ్ళకి. ఇవాళ పొద్దున్నే వేరేవాణ్ణి తీసుకున్నారట. ఆవిడకీ చెప్పేశాను, నాకోసం చూడొద్దని... మా మామయ్య ఒక్కరే ఉండలేరని."